పాత ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఫుల్ థ్రాటిల్‌లో పడిపోతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"ఇంజిన్ ఒక్క లాగుకే స్టార్టవుతుంది. సగం దాకా బాగానే పోతుంది. ఫుల్ ఇచ్చేసరికి బలం చచ్చిపోతుంది." పాత ఔట్‌బోర్డ్ (పడవ వెనక బయట తగిలించే ఇంజిన్) ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. జూన్ నెల మధ్యలో మరీ ఎక్కువగా అడుగుతారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. రెండు నెలలు మూలన పడున్న ఇంజిన్‌ను పడవకు బిగించి మొదటిసారి ఫుల్ ఇచ్చినప్పుడు ఈ లోపం బయటపడుతుంది.

ఇక్కడ చెప్పేది 8 నుంచి 40 హెచ్‌పీ దాకా ఉన్న, రెండు సిలిండర్ల, టూ స్ట్రోక్, కార్బురేటర్ ఇంజిన్ల గురించి. కంపెనీ ఏదైనా దారి ఇదే. కిరోసిన్‌తో నడిచే మోడళ్లకు అదనంగా చూడాల్సినవి చివర్లో ఉన్నాయి.

ముందే ఒక మాట. చాలామంది నేరుగా కార్బురేటర్ విప్పేస్తారు, లేదంటే సీడీఐ యూనిట్ (ప్లగ్గులకు స్పార్క్ పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) కొనేస్తారు. రెండూ తొందరపాటే. ఫుల్ థ్రాటిల్‌లో పడిపోయే ఇంజిన్లలో చాలావాటికి జబ్బు ట్యాంకుకూ ఫ్యూయల్ పంపుకూ మధ్యలోనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. కాకపోతే పరీక్ష నీళ్లలో, లోడు మీద చేయాలి. ఒడ్డున డ్రమ్ములో పెట్టి చూస్తే ఈ లోపం కనబడదు.

కావలసినవి

- ప్లగ్గు స్పానరు, స్క్రూడ్రైవర్లు, 8, 10, 12, 13 సైజు పానాలు, ముక్కు పటకారు
- కొత్త ప్లగ్గులు రెండు, ఇంజిన్ మీది స్టిక్కర్‌లో ఉన్న నంబరువే
- ఫీలర్ గేజ్
- కంప్రెషన్ గేజ్ (అద్దెకో అరువుకో దొరికినా చాలు)
- స్పార్క్ టెస్టర్, మల్టీమీటర్
- ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) మీటరు. తప్పనిసరి కాదు గానీ, ఉంటే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి
- కార్బురేటర్ క్లీనర్ స్ప్రే, మూత ఉన్న గాజు సీసా, టార్చిలైటు
- బాగా పనిచేస్తున్న ఇంకో ట్యాంకు, దాని పైపుతో సహా. పక్క పడవవాళ్లని అడిగి ఒక గంటకు తెచ్చుకోండి
- ఫ్యూయల్ పంపు డయాఫ్రం కిట్, కార్బురేటర్ గాస్కెట్ కిట్. వీటిని ఇప్పుడే కొనకండి, పరీక్షల్లో అవసరమని తేలాక కొనండి

జాగ్రత్తలు

నీళ్లలో పరీక్షకు ఇద్దరు ఉండాలి. ఒకరు చుక్కాని వదలకూడదు, రెండోవారు ఇంజిన్ దగ్గర ఉంటారు. ఇద్దరికీ లైఫ్ జాకెట్, నడిపేవారి ఒంటికి కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజిన్ ఆగిపోయేది) ఉండాలి. పడవలో తెడ్డు, లంగరు, ఛార్జి ఉన్న ఫోను పెట్టుకోండి. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరా, వలలు వేసిన చోటా వద్దు. పై మూత తీసి నడుపుతారు కాబట్టి తిరిగే ఫ్లైవీల్‌కు లుంగీ, తువ్వాలు, జాకెట్ తాళ్లు తగలకుండా చూసుకోండి. పెట్రోలు తెరిచి ఉన్నచోట స్పార్క్ పరీక్ష వద్దు, బీడీ సిగరెట్లు అసలే వద్దు.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. బలం తగ్గిన ఇంజిన్‌ను ఫుల్‌లోనే పట్టి ఇంటిదాకా లాక్కురావద్దు. టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కు నూనె అందేది పెట్రోలుతోనే. పెట్రోలు తక్కువ అందుతోందంటే నూనె కూడా తక్కువే అందుతోందన్నమాట. అలాగే పది నిమిషాలు నడిపితే పిస్టన్ గీసుకుపోతుంది, లేదా పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. వంద రూపాయల గొట్టంతో పోయేది బోరు పని దాకా వస్తుంది. పరీక్షలో కూడా బలం పడిపోయాక కొన్ని క్షణాలకు మించి ఫుల్‌లో ఉంచకండి.

1. ఎప్పుడు పడిపోతోందో చూడండి

పానా పట్టుకునే ముందు, పడవను మీరు మామూలుగా వేసే బరువుతో నడిపి, ఫుల్ ఇచ్చి గమనించండి.

ఫుల్ ఇవ్వగానే బాగా లాగి, అర నిమిషానికో నిమిషానికో పడిపోయి, థ్రాటిల్ తగ్గించి కాసేపాగి మళ్లీ ఇస్తే మళ్లీ అంతసేపు లాగుతోందా? పెట్రోలు సరఫరా లోపం. కార్బురేటర్ గిన్నెలో నిల్వ ఉన్నది అయిపోయేదాకా లాగింది, వెనకనుంచి సరిపడా రాలేదు. మెట్టు 2కు వెళ్లండి.

మొదటినుంచీ ఫుల్ ఆర్‌పీఎం అందుకోవడమే లేదా? మెయిన్ జెట్టు (ఫుల్‌లో పెట్రోలు వెళ్లే, కార్బురేటర్‌లోని సన్న రంధ్రపు ఇత్తడి ముక్క), థ్రాటిల్ లింకు, ఒక సిలిండర్ చచ్చిపోవడం, ప్రొపెల్లర్. వీటిలో ఏదో ఒకటి.

పావుగంటో ఇరవై నిమిషాలో బాగా పోయి, వేడెక్కాక పడిపోయి, చల్లారితే మళ్లీ బాగుంటోందా? ఇగ్నిషన్ కాయిల్, స్టేటర్ (ఫ్లైవీల్ కింద కరెంటు పుట్టించే తీగచుట్టలు), లేదా చల్లబరిచే నీళ్లు. కానీ ట్యాంకు గాలి మరను (లోపలికి గాలి పోయేందుకు మూతమీద ఉండే మరను) కూడా మరిచిపోవద్దు. పెద్ద ట్యాంకు నిండా పెట్రోలు లేనప్పుడు వాక్యూమ్ పట్టడానికి అంత సమయమూ పట్టొచ్చు.

బలం తగ్గుతుంటే ఆర్‌పీఎం తగ్గకుండా ఇంజిన్ అరుపు ఇంకా పెరుగుతోందా? పెట్రోలు జోలికి వెళ్లకండి. నేరుగా మెట్టు 9. ప్రొపెల్లర్ జారుతోంది, లేదా గాలి పీలుస్తోంది.

2. బల్బు పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ట్యాంకు మూతమీది గాలి మర పూర్తిగా వదులు చేయండి. బల్బును (పెట్రోలు పైపు మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు ఉండను) గట్టిపడేదాకా నొక్కండి, నొక్కేటప్పుడు బాణం గుర్తు ఇంజిన్ వైపు, పైకి ఉండాలి. ఫుల్ ఇవ్వండి. బలం పడిపోవడం మొదలవగానే, రెండోవారు బల్బును చేత్తో వరసగా నొక్కుతూ ఉండాలి.

నొక్కుతుంటే ఇంజిన్ లేచిందా? సరఫరా లోపమని ఖాయం. కార్బురేటర్ విప్పాల్సిన పనిలేదు. ఇప్పుడు పడిపోతున్న క్షణంలో బల్బు ఎలా ఉందో చూడండి. లోపలికి పీల్చుకుని చపటగా అయిపోతే, అడ్డు బల్బుకు వెనక ఉంది: ట్యాంకు గాలి మర, ట్యాంకులోని పీల్చే గొట్టం జాలీ, లేదా అక్కడినుంచి బల్బు దాకా ఉన్న పైపు. బల్బు ఆకారం చెడకుండా మెత్తగా ఉంటే, ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఇంజిన్ మీది ఫ్యూయల్ పంపు బలహీనంగా ఉంది.

ఎంత నొక్కినా మార్పు లేదు, బల్బు మాత్రం రాయిలా గట్టిగా ఉందా? బల్బు దాకా పెట్రోలు వస్తోంది, అడ్డు ఆ తర్వాత ఉంది. ఫిల్టరు, కార్బురేటర్ సూది వాల్వు (గిన్నెలోకి పెట్రోలు దారి తెరిచి మూసేది), జెట్టు అనుమానించాలి.

ఇప్పుడు అరువు తెచ్చిన ట్యాంకు, పైపు తగిలించి అదే పరుగు మళ్లీ తీయండి. లోపం పోయిందంటే మీ ట్యాంకూ పైపులే దోషి. ఈ ఒక్క మార్పిడితో సగం ఇంజిన్‌ను అనుమానాల జాబితాలోంచి తీసేయొచ్చు.

3. ట్యాంకు, పైపు, ఫిల్టరు

ట్యాంకు అడుగునుంచి అర లీటరు పెట్రోలు గాజు సీసాలోకి తీసి, కదపకుండా పదిహేను నిమిషాలు ఉంచండి. వెలుతురుకు పెట్టి చూడండి. అడుగున వేరే పొర గీత గీసినట్టు కనిపిస్తే నీళ్లు చేరాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీలుస్తుంది, ఒక హద్దు దాటాక నీళ్లను వెంటబెట్టుకుని అడుక్కి దిగిపోతుంది. అలా విడిపోయిన పెట్రోలును ఊపి కలిపి వాడొద్దు, పైపొర మంచిదని వంచుకోనూ వద్దు. మొత్తం తీసేసి, ట్యాంకు కడిగి ఆరబెట్టి, కొత్తది పోయండి.

పీల్చే గొట్టం బయటికి తీసి, చివరి జాలీ కడగండి. దాని మీద జిగురు, పెయింటు పొరలు, గుడ్డపీలికలు ఉంటాయి.

పైపు దగ్గర చాలామంది మోసపోతారు. బయటికి నిగనిగలాడే పైపు లోపల ఇథనాల్‌కు పొర లేచిపోయి ఉంటుంది. ఆ లేచిన పొర తక్కువ ప్రవాహంలో ఊరుకుంటుంది, ఫుల్ ఇచ్చినప్పుడు తలుపులా మూసుకుంటుంది. పైపు చివర కొంచెం కోసి లోపలికి చూడండి. లోపలి గోడ మెత్తబడినా, వేలికి నల్లటి మసి అంటినా పైపు మార్చేయండి. పాతదాని లోపలి వ్యాసం కొలిచి అంతే సైజు ఇథనాల్‌కు తట్టుకునే పైపు తీసుకోండి. తోటకు నీళ్లు పెట్టే పారదర్శక పైపు చవకని వేయొద్దు, వారాల్లోనే గట్టిబడి బీటలు వారుతుంది.

ఇంజిన్‌కు తగిలించే కనెక్టర్‌లోని ఓ రింగు కూడా చూడండి. అది ఎండిపోతే పెట్రోలు బయటికి కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే తడి కనిపించలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. ఫిల్టరు గిన్నె పారదర్శకంగా ఉంటే నడుస్తున్నప్పుడు దాంట్లోకి చూడండి, బుడగలు వరసగా వస్తుంటే గాలి పీలుస్తోంది. పైపు చివర్లకు క్లిప్పులు వేసి బిగించండి, ఇనుప తీగ చుట్టడం పని కాదు.

బల్బును విడిగా పరీక్షించడం సులువు. బాణం మొన ఉన్న చివరినుంచి నోటితో ఊదితే గాలి పోకూడదు, వెనకనుంచి ఊదితే పోవాలి. ముందు పెట్రోలు పూర్తిగా వంచి ఆరబెట్టాకే నోటికి పెట్టండి.

4. ఫ్యూయల్ పంపు

క్రాంక్‌కేస్‌లో పుట్టే పీడనం హెచ్చుతగ్గులతో ఒక పల్చటి డయాఫ్రం ఆడుతూ పెట్రోలును తోస్తుంది. చిన్న చిల్లు పడినా, సాగిపోయినా నెమ్మదిగా నడిచేటప్పుడు సరిపోతుంది, ఫుల్‌లో చాలదు.

విప్పే ముందు పంపు పొరలన్నిటి అడ్డంగా మార్కర్‌తో ఒక ఏటవాలు గీత గీసి, ఫోనుతో ఫొటో తీయండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీత కలిస్తేనే వరస సరి. డయాఫ్రంను ఎండకు అడ్డంగా పట్టి చూడండి. సూదిమొనంత వెలుగు చుక్క కనిపించినా మార్చాల్సిందే. వెలుగు కనబడకపోయినా, బల్లమీద పరిస్తే గిన్నెలా ఒంగి నిలబడుతున్నా, గట్టిపడి కరకరలాడుతున్నా అదీ మార్చాల్సిందే. చెక్ వాల్వు ఆకులు అంచుల్లో లేచి ఉండకూడదు. డయాఫ్రం చిరిగితే పెట్రోలు పల్స్ రంధ్రంలోంచి (క్రాంక్‌కేస్ పీడనం పంపుకు అందే రంధ్రం) నేరుగా క్రాంక్‌కేస్‌లోకి కూడా పోతుంది, అప్పుడు ఒక సిలిండర్ ప్లగ్గు మాత్రమే తడిగా, నల్లగా ఉంటుంది. ఈ ఆనవాలు చూసి ఇగ్నిషన్ లోపమనుకుని కాయిల్ కొనేవాళ్లు ఎక్కువ.

గాస్కెట్ పేస్టు ఇక్కడ పూయకండి. అది పల్స్ రంధ్రంలోకి పాకితే కొత్త డయాఫ్రం వేసినా పంపు కొట్టదు.

5. డబ్బు పెట్టే ముందు కంప్రెషన్

సరఫరా బాగుందని తేలాక, కార్బురేటర్ కిట్టో కాయిలో కొనే ముందు కంప్రెషన్ చూడండి. సిలిండర్ అరిగిపోతే పైన ఎన్ని మార్చినా ప్రయోజనం లేదు.

ఇంజిన్‌ను వేడెక్కేదాకా నీళ్లలో నడిపి ఆపండి. రెండు ప్లగ్గులూ తీయండి. కిల్ స్విచ్ తాడు పీకేసి, ప్లగ్గు వైర్లను ఇంజిన్ బాడీకి తగిలించి ఎర్త్ చేయండి. వైర్లు గాలిలో వేలాడుతుండగా తిప్పితే సీడీఐ దెబ్బతింటుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, గేజ్ బిగించి, ముల్లు ఇక పైకి వెళ్లనంత వరకు తాడు లాగండి. ఐదారు లాగులు పడతాయి. రెండో సిలిండర్‌కూ అన్నే లాగులు.

అసలు సంఖ్య గేజ్‌ను బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది. చూడాల్సింది తేడా. రెండిటి మధ్య 10 శాతం లోపు ఉంటే ఫర్వాలేదు. ఉదాహరణకు ఒకటి 110 పీఎస్‌ఐ, ఇంకోటి 105 అయితే ముందుకెళ్లండి. 110, 85 అయితే ఆగండి. తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా నూనె, అంటే 5 మిల్లీలీటర్లు పోసి మళ్లీ కొలవండి. సంఖ్య బాగా లేస్తే రింగులు గానీ బోరు గానీ అరిగింది. లేవకపోతే హెడ్ గాస్కెట్, లేదా పిస్టన్. ఇక మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాల్సిన పని.

6. చోక్ పరీక్ష, ఆ తర్వాత కార్బురేటర్

బల్బు నొక్కినా లేవని ఇంజిన్‌కు ఇది. ఫుల్‌లో పడిపోతున్నప్పుడు చోకును సగం దాకా లాగి ఒకటి రెండు క్షణాల్లో వదిలేయండి. ఆ క్షణంలో ఇంజిన్ బలం పుంజుకుంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది: మెయిన్ జెట్టు మూసుకుంది, లేదా కార్బురేటర్ వెనక గాస్కెట్ గాలి పీలుస్తోంది. ఇంకా దిగిపోతే జెట్టు దోషం కాదు, ఇగ్నిషన్ వైపు వెళ్లండి.

జెట్టు దోషమని తేలితే విప్పండి. గిన్నె కింద తెల్లగుడ్డ పరిచి వంచండి. ఇసుక, ఆకుపచ్చటి పొడి, జిగురు కనిపిస్తే కారణం దొరికినట్టే. మెయిన్ జెట్టుకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ వాడండి. ఇత్తడి మెత్తన, గాడి చెడితే బయటికి రాదు. జెట్టును టార్చికి ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచులు స్పష్టంగా కనబడాలి. అంచున పసుప్పచ్చ పొర ఉండి కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే అది ఎండిన పెట్రోలు జిగురు.

జెట్టును సూదితోగానీ ఉక్కు తీగతోగానీ పొడవొద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా ఆ జెట్టు పనికిరాదు. క్లీనర్‌లో నానబెట్టి, నైలాన్ వలదారం పోగుతో తోయండి, గాలి కొట్టండి. మళ్లీ టార్చికి పెట్టి చూడండి. జెట్టు ఒక్కటి కడిగి సరిపెట్టకండి, అది కూర్చునే గొట్టం పక్కల ఉన్న సన్నటి అడ్డ రంధ్రాల్లోంచి కూడా స్ప్రే అవతలికి రావాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రే ఏ రంధ్రంలోంచి ఎటు చిమ్ముతుందో తెలియదు.

పైలట్ స్క్రూ (నెమ్మది నడకలో పెట్రోలు, గాలి పాళ్లు సర్దేది) తీసే ముందు, మెల్లగా లోపలికి తిప్పుతూ తగిలేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. తిరిగి అన్నే చుట్లు విప్పి పెట్టాలి. రెండు కార్బురేటర్లు ఉంటే ఒకదాని తర్వాతే ఇంకోటి విప్పండి, పైదాని జెట్టు కిందికి వెళ్లకూడదు. కొన్ని ఇంజిన్లలో రెండిటి నంబర్లు వేరు. సూది వాల్వు కొనపై గోటికి తగిలేలా గాడి పడితే మార్చండి. ఫ్లోట్ (గిన్నెలో పెట్రోలు మీద తేలే బుర్ర) ఎత్తు మీ మోడల్ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి.

బలం చాలట్లేదని పెద్ద నంబరు జెట్టు వేయడం కొందరికి అలవాటు. చేయొద్దు. గాలి పీలుస్తున్న గాస్కెట్‌నో సగం మూసుకున్న పైపునో అది కొన్నాళ్లు కప్పిపెడుతుంది అంతే, ఆపైన ప్లగ్గులు నల్లబడటం మొదలవుతుంది.

7. థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా?

రెండు నిమిషాల పని, చాలామంది చూడరు. ఇంజిన్ ఆపి, ప్రొపెల్లర్‌ను చేత్తో కొంచెం తిప్పుతూ ముందు గేర్ వేయండి, ఎందుకంటే న్యూట్రల్‌లో చాలా ఇంజిన్లు థ్రాటిల్‌ను సగంలోనే ఆపేస్తాయి. గాలి తీసుకునే మూత తీసి, హ్యాండిల్ ఫుల్‌కు తిప్పించి, టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూడండి. లోపలి పలక పూర్తిగా తెరుచుకుని, గొంతుకు సమాంతరంగా నిలబడాలి. వాలి ఉంటే కేబుల్ సాగింది. నట్లు వదులు చేసి సర్దండి.

అలాగే హ్యాండిల్ తిప్పినప్పుడు ఫ్లైవీల్ కింద స్టేటర్ పళ్లెం కూడా కదిలే మోడళ్లలో, ఆ చిన్న లింకు కడ్డీ ఊడిందేమో చూడండి. అది ఊడితే థ్రాటిల్ తెరుచుకుంటుంది గానీ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ముందుకు జరగదు. ఇంజిన్ మందంగా, బరువుగా పడుకుంటుంది.

8. స్పార్క్

ముందు ప్లగ్గులు చదవండి. చదవడానికి సరైన పద్ధతి ఉంది: ఫుల్‌లో ఒక నిమిషం (అంతలోపే బలం పడిపోతే, పడిపోయిన కొన్ని క్షణాల దాకానే) నడిపి, థ్రాటిల్ తగ్గించకుండా కిల్ స్విచ్ కొట్టి, వెంటనే న్యూట్రల్ చేసి, అక్కడే ప్లగ్గులు విప్పాలి. ఎదురుగా ఏ పడవా లేదని చూసుకుని, ఇద్దరూ గట్టిగా పట్టుకుని చేయండి. నెమ్మదిగా రేవుకు వచ్చి విప్పితే ఆ ప్లగ్గు నెమ్మది నడక కథే చెబుతుంది, ఫుల్ కథ చెప్పదు.

లేత గోధుమరంగు మంచిది. సున్నం రాసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ లేదా వేడి ఎక్కువ, ఫుల్‌లో నడపడం ఆపేయండి. ఒకటి బాగుండి రెండోది తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండర్ మండటం లేదు. ప్లగ్గులు రెండిటినీ అటూ ఇటూ మార్చి నడపండి. తడి ప్లగ్గుతో పాటే సమస్య రెండో సిలిండర్‌కు వెళ్లిందా, ప్లగ్గుదే తప్పు. అదే సిలిండర్‌లో ఉండిపోయిందా, కాయిల్, వైరు, క్యాప్ చూడాలి. పంపు డయాఫ్రం కూడా.

గ్యాపు ఫీలర్ గేజ్‌తో పెట్టండి. ఎన్‌జీకే నంబరు చివర -10 అని ఉంటే 1.0 మి.మీ. గ్యాపు అని అర్థం. బీ7హెచ్‌ఎస్, బీ7హెచ్‌ఎస్-10 రెండూ ఒకటే అనుకుని దుకాణంలో ఏదిస్తే అది తెచ్చుకోకండి. మోటార్‌సైకిల్ ప్లగ్గు మర పట్టినా వేయొద్దు.

రాత్రిపూట, నీళ్లలో, నెమ్మదిగా నడుస్తున్నప్పుడు పై మూత తీసి లైటు ఆర్పి చూడండి. వైరు వెంబడి, క్యాప్ దగ్గర నీలం రవ్వలు పాకుతుంటే అక్కడ స్పార్క్ కారిపోతోంది. ఉప్పు పట్టిన పాత వైర్లలో ఇది మామూలే. రెసిస్టర్ క్యాప్ అయితే మల్టీమీటర్‌లో సుమారు 5 కిలో ఓమ్‌లు చూపాలి. అసలేమీ చూపకపోతే లోపల తెగింది.

వేడెక్కాక మాత్రమే పోయే స్పార్క్‌ను చల్లటి ఇంజిన్ మీద కొలిస్తే ఏమీ దొరకదు. లోపం వచ్చిన వెంటనే, అక్కడే సముద్రం మీదే స్పార్క్ టెస్టర్ పెట్టి చూడాలి. కాయిల్, స్టేటర్ కొలతలు కూడా వేడిగా ఉన్నప్పుడే తీసి, మోడల్ పుస్తకంలోని అంకెలతో పోల్చండి. సీడీఐని మాత్రం మల్టీమీటర్‌తో తేల్చలేం. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక, ఇంకొకరి మంచి సీడీఐ పెట్టి చూడటమే మార్గం.

వేడి మాట వచ్చింది కాబట్టి: పక్కనుంచి చిమ్మే నీటి ధార ఫుల్‌లో సన్నబడుతోందేమో చూడండి. కొన్ని ఇంజిన్లు వేడెక్కితే తమంతట తామే ఆర్‌పీఎం తగ్గించేసుకుంటాయి, అది లోపంలా కనిపించే రక్షణ. ధార రంధ్రంలో నైలాన్ పోగు దూర్చి శుభ్రం చేయండి. అయినా ధార బలహీనమైతే వాటర్ పంపు ఇంపెల్లర్ మార్చండి. గోదావరి, కృష్ణా మొగల దగ్గర ఇసుక బురద నీళ్లలో తిరిగే ఇంజిన్లకు ఏటా మార్చడమే మంచిది.

9. ప్రొపెల్లర్, పడవ

ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు బుష్ ఉంటుంది. రాయికో వలకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది జారాలి. ఒకసారి జారి చెడిపోయాక, లోడు పెరిగినప్పుడల్లా జారుతుంది. నెయిల్ పాలిష్‌తోగానీ పెయింటుతోగానీ లోపలి బుష్ మీదా బయటి లోహం మీదా కలిసేలా ఒక గీత గీయండి. ఆరాక ఫుల్ ఇచ్చి తిరిగిరండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బుష్ పోయింది. మళ్లీ వేయించండి లేదా ప్రొపెల్లర్ మార్చండి.

ఒంగిన రెక్కను సుత్తితో కొట్టి అందాజుగా సర్దితే వణుకు మొదలై గేర్‌బాక్స్ సీళ్లు పోతాయి. ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు వలదారం చుట్టుకుందేమో కూడా ప్రొపెల్లర్ ఊడదీసి చూడండి, పైకి కనిపించదు.

ప్రొపెల్లర్ మార్చిన తర్వాతే బలం తగ్గిందా? పిచ్ (ఒక చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరగాల్సిన దూరం) చూడండి. పిచ్ ఒక అంగుళం పెరిగితే ఫుల్ ఆర్‌పీఎం దాదాపు 150 నుంచి 200 దాకా తగ్గుతుంది. ఈ తరగతి ఇంజిన్లు చాలావరకు ఫుల్‌లో 4,500 నుంచి 5,500 మధ్య తిరగాలి. మీ ఇంజిన్ హద్దు పుస్తకంలో ఉంటుంది.

ప్రొపెల్లర్‌కు పైనున్న అడ్డ పలక పడవ అడుగు మట్టానికి, లేదా 25 మి.మీ. దాకా కిందికి ఉండాలి. అంతకంటే పైకి ఉంటే గాలి పీల్చి అరుస్తుంది. బాగా కిందికి ఉంటే నీళ్లు ఈడ్చి బరువవుతుంది.

పడవ అడుగున గుల్లలు, నాచు పట్టాయా, ఫైబర్ రెండు పొరల మధ్య నీళ్లు చేరాయా కూడా చూడండి. ఇంజిన్ ఏ మార్పూ లేకుండా ఉన్నా పడవ వందల కిలోల బరువు పెరిగిందంటే ఫుల్ ఆర్‌పీఎం అందదు.

10. మూత పెడితే పడిపోయి, తీస్తే బాగుంటే

ఇది అరుదు, కానీ దొరక్క చాలామందిని తిప్పలు పెడుతుంది. ఎగ్జాస్ట్ గాస్కెట్ లీకై పొగ మూత కిందే నిండుతోంది, ఇంజిన్ ఆ పొగనే పీలుస్తోంది. మూతలోపల ఒకచోట మసి మచ్చ కనిపిస్తుంది. గాస్కెట్ మార్చాలి. మూత తీసేసి నడపడం పరిష్కారం కాదు, ఉప్పునీరు పడి ఇగ్నిషన్ పోతుంది.

కిరోసిన్ మోడళ్లకు

ఎగ్జాస్ట్ రంధ్రాలు, పిస్టన్ తల, రింగుల గాడుల్లో మసి బాగా పేరుకుంటుంది. ఫుల్‌లో పొగ బయటికి పోలేక ఇంజిన్ బిగుసుకుపోతుంది. ఎగ్జాస్ట్ మూత తీసి, చెక్క ముక్కతో గోకి మసి తీయండి. స్క్రూడ్రైవర్ గీతలు పడనివ్వకండి. పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాకే కిరోసిన్‌కు మారండి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపండి. కిరోసిన్ మోడళ్లకు నూనె పాళ్లు వేరుగా ఉంటాయి, స్టిక్కర్ చూసి కలపండి.

పెట్రోలు ఇంజిన్‌లో మాత్రం కిరోసిన్ కలపొద్దు. నెమ్మదిగా నడిచినప్పుడు తేడా తెలియదు, ఫుల్‌లో నాకింగ్ కొట్టి పిస్టన్ తింటుంది.

పెట్రోలు ఇంజిన్‌కు స్టిక్కర్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 20 లీటర్ల ట్యాంకుకు 400. నూనె టీసీ-డబ్ల్యూ3 (టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌ల నూనె ప్రమాణం, డబ్బా మీద రాసి ఉంటుంది) రకం ఉండాలి. బలం తగ్గిందని నూనె తగ్గించేవాళ్లున్నారు. అది ఇంజిన్‌ను చంపే పని.

బాగైందని ఎలా తేల్చాలి

ఒడ్డున రైజ్ చేసి వినడం పరీక్ష కాదు. లోడు లేకుండా ఫుల్ ఇస్తే ఆర్‌పీఎం హద్దు దాటి కనెక్టింగ్ రాడ్ పోతుంది కూడా. మామూలు బరువుతో నీళ్లలోకి వెళ్లి, ఐదు నిమిషాలు ఆగకుండా ఫుల్‌లో నడపండి. ఆర్‌పీఎం మొదటి నిమిషంలోనూ ఐదో నిమిషంలోనూ ఒకటే ఉండాలి. బల్బు ఆకారం చెడకూడదు. నీటి ధార తగ్గకూడదు. వేడెక్కాక వచ్చే లోపమైతే అరగంట నడపాలి. చివర్లో కిల్ స్విచ్ కొట్టి ప్లగ్గులు విప్పితే రెండూ ఒకే రంగులో ఉండాలి.

ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక నడిపి చూడండి. పైపు, ప్లగ్గు, డయాఫ్రం మూడూ ఒకేసారి మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు.

ఫుల్‌లో వచ్చిన ఆర్‌పీఎం, ఆ రోజు బరువు, ప్రొపెల్లర్ పిచ్, రెండు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు మూత లోపలివైపు పెయింటు పెన్నుతో రాసి పెట్టుకోండి. వచ్చే ఏప్రిల్ 14న ఇంజిన్ ఎత్తేటప్పుడు పైపు పీకి, కార్బురేటర్‌లో పెట్రోలు అయిపోయి తనంతట తాను ఆగేదాకా నెమ్మదిగా నడపండి. గిన్నె కింద డ్రెయిన్ స్క్రూ విప్పి మిగిలిన చుక్కలూ వదిలేయండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలును రెండు నెలలు నిల్వ ఉంచకండి.